పంతొమ్మిదో నంబరుకు మారనన్న టైలరమ్మ

మా కాలనీలో ఇళ్ల నంబర్లు వీధి వరుసలో ఉండేవి కావు. ఎవరు ముందు పునాది తీస్తే వారిది ముందు నంబరు. అందుకే ఒకటో నంబరు వీధి నడుమ, రెండు దానికి ఎదురుగా, మూడు ఎక్కడో మురుగుకాలువ పక్కన. ఒకసారి పార్సిలు తెచ్చిన మనిషి చెమటలు కక్కుతూ, "ఈ నంబర్లేసినాయనకి అసలు లెక్కలొచ్చా?" అని అడిగాడు. అడిగింది మా కాలనీ కార్యదర్శిని. ఆయన బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు.

ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. వరుసగా కొత్త నంబర్లు వేయిద్దామన్నారు. అందరూ సరేనన్నారు, ఒకటో నంబరింటి టైలరమ్మ తప్ప.

ఆవిడ మిషను వీధి కిటికీ దగ్గరే ఉంటుంది. పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా గుక్కతిప్పుకోకుండా మాట్లాడగలదు. కాలనీకి కొత్తగా ఎవరు వచ్చినా జాకెట్టు కొలతలు తీసుకుంటూ చరిత్ర చెప్పేది. "ఇక్కడంతా ముళ్లపొదలేనమ్మా. రోడ్డా, కరెంటా! మొట్టమొదట కాలు పెట్టింది మేమే." చరిత్ర వదులుగా, జాకెట్టు బిగుతుగా కుట్టడం ఆవిడ అలవాటని మా ఆవిడ అంటుంది.

కొత్త వరుసలో ఆవిడ ఇల్లు పంతొమ్మిది. ఆ కబురు విన్నాక ఆవిడకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మిషను తొక్కుతూనే లేచి గేటు దాకా వచ్చేది, నంబరు చూసుకుని లోపలికి పోయేది, మళ్లీ వచ్చేది. ఎవరి చొక్కాకో రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఇంటింటికీ తిరిగి, "ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కదండీ" అని వాపోయేది. మేం టీ ఇచ్చి తల ఊపేవాళ్లం. ఊపడానికేం పోయింది?

మాస్టారి వరండాలో సమావేశం పెట్టారు. టైలరమ్మ లేచి నిలబడింది.

"మార్చుకోండి మాస్టారూ, కాదనను. కానీ మా ఇంటి నుంచే మొదలెట్టండి. ఈ కాలనీలో మొదటి దీపం పెట్టింది నేను."

ఎన్నడూ నోరు విప్పని ఆవిడ భర్త ఆరోజే విప్పాలా?

"మన దీపమెక్కడిదే? మనకప్పటికి పైకప్పే లేదుగా! ఆ వానాకాలమంతా డ్రైవరుగారి వరండాలోనే కదా పడుకున్నాం. అన్నం కూడా చెల్లెమ్మే పెట్టింది."

డ్రైవరుగారంటే రెండో నంబరింటాయన, ఇప్పుడు లేరు. ఆయన భార్య వెనక వరుసలో కూర్చుని ఉంది. తలలన్నీ అటు తిరిగాయి.

"అదేముందిలే అన్నయ్యగారూ," అందావిడ ఇబ్బందిగా. "వాన ఎవరింట్లో ఉన్నా వానే."

"అయితే ఒకటో నంబరు ఈవిడదన్నమాట!" అని ఎవరో నవ్వారు. టైలరమ్మ వెళ్లిపోయింది, హడావిడిలో నా చెప్పులేసుకుని.

చెప్పుల కోసం వెళ్తే, ఆ ఇంట్లో రభస గేటు దాకా వినిపించింది.

"నిజమేగా నేను చెప్పింది," అంటున్నాడాయన.

"నిజం కాదన్నానా? నిన్న మొన్న కాదు, ఇన్నేళ్ల నుంచీ నా గొప్పలు ఆవిడ ఎదురింట్లోంచి వింటూనే ఉందండీ! ఒక్కసారైనా కాదని అందా? కాదంటే దెబ్బలాడి ఊరుకునేదాన్ని. ఇప్పుడేం చెయ్యను?"

నేను వట్టికాళ్లతోనే ఇంటికి పోయాను.

మర్నాడు పెయింటరు వచ్చాడు. టైలరమ్మ గేటు మీద ఒకటి అంకె గీకేసి పంతొమ్మిది రాశాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది, గుమ్మంలోంచి చూసింది. అతను ఎదురింటికి వెళ్లగానే తనూ వెంటపడింది.

"ఇక్కడ ఒకటి రాయి నాయనా."

"అమ్మా, ఇది ఇరవై."

"ముందు ఒకటి రాయి. తర్వాత చెరిపేసి నీ ఇరవై రాసుకుందువు."

పెయింటరు ఆవిడ వంక ఎగాదిగా చూసి, మనకెందుకులే అనుకుని రాశాడు. డ్రైవరుగారి భార్య బయటికొచ్చి, "ఇదేం చోద్యం వదినా!" అంది.

"ఉండనీ వదినా. కాసేపు ఉండనీ."

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అంతలో వీధి మొదట మాస్టారు కనిపించారు, నంబర్లు తనిఖీ చేసుకుంటూ. టైలరమ్మ కంగారుగా పెయింటరు చేతిలో గుడ్డ లాక్కుంది. డ్రైవరుగారి భార్య ఆ చెయ్యి పట్టుకుని ఆపి, గేటుకు అడ్డంగా నిలబడి కేకేసింది.

"మా గేటింకా ఆరలేదు మాస్టారూ! రేపు చూద్దురుగాని!"