తొట్టి మీద పేరు

పోయిన ఆదివారం ఇక్కడ జార్జియాలో, అల్ఫారెట్టాలోని గుడికి వెళ్తే వంటగది పక్కన కొత్త వాటర్ కూలర్ కనిపించింది. గ్లాసు పట్టుకుని వంగితే ముక్కుకెదురుగా స్టీలు పలక, ఫలానావారి జ్ఞాపకార్థం అని, దండేసిన ఫోటోతో సహా. పోయినవాళ్ళ పేరున ఫ్యాను ఇచ్చినా రెక్క రెక్కకీ పేరు రాయించే జాతి మనది, నాకిది కొత్తేమీ కాదు. అయినా గ్లాసు నిండి కారిపోతున్నా చూసుకోలేదు. ఆరిజోనాలో మేమున్న మూడేళ్ళు గుర్తొచ్చాయి.

రెండు వేల పన్నెండు ప్రాంతం. డాక్టర్లు రాని ఊళ్ళో మూడేళ్ళు ఒకే క్లినిక్‌లో పనిచేయాలన్న షరతు మీద మా ఆయనకి వీసా ఇచ్చారు. మధ్యలో మానేస్తే పెట్టెలు సర్దుకోవడమే. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఉన్న ఒక్క కారు ఆయన క్లినిక్‌కి తీసుకెళ్ళేవారు. కిటికీలోంచి చూస్తే ఎర్రమట్టి, గాలి, మళ్ళీ ఎర్రమట్టి. నడిచి వెళ్ళగలిగినవి గ్యాస్ స్టేషన్, పోస్టాఫీసు, లైబ్రరీ. ఇంటర్‌తో చదువాపేసిన నేను ఆ లైబ్రరీని అరల వరసన చదివాను. గొర్రెల రోగాలు, మట్టి, కరువులు, ఆ నేల మీది ఆదివాసులైన నవాహోల ఆచారాలు, ఏదీ వదల్లేదు. కరువు ప్రాంతాల్లో గొర్రెల కాపర్లకి ఎవరో వచ్చి బోర్లేసి ఫోటోలు దిగి వెళ్ళిపోతే, పంపు చెడిన రోజున అది తమదని ఎవరికీ ఎందుకు అనిపించదో అన్నాల దగ్గర మా ఆయనకి వివరించేదాన్ని. "అంతా బాగుంది గానీ పప్పులో ఉప్పు మర్చిపోయావు" అనేవారు.

లైబ్రరీ వెనక కుళాయి దగ్గర జనం పికప్పుల్లో డ్రమ్ములు పెట్టుకొచ్చి నీళ్ళు పట్టుకెళ్ళేవారు. అక్కడ పరిచయమైంది నవాహో అవ్వ, నీలిరాళ్ళ గాజులతో, మా అమ్మకన్నా పెద్దావిడ. ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన ఇంగ్లీషూ ఒకదానికొకటి సరిపోయేవి. వానల్లేక గొర్రెలకి కూడా ఆ డ్రమ్ముల నీళ్ళే. "మళ్ళీ పుస్తకమేనా, డాక్టర్ భార్యా? అది ఎన్ని గొర్రెల్ని మేపింది?" అని నవ్వేది.

మా క్లినిక్ యజమాని గుంటూరువైపు పెద్ద డాక్టరుగారు. మా వీసా కాగితాల మీద సంతకం ఆయనదే, గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తానన్నదీ ఆయనే. చెయ్యి పెద్దది. నా మాట విని అవ్వవాళ్ళ మేత భూముల మధ్య బోరు వేయించి, సోలార్ పంపు, పెద్ద సిమెంటు తొట్టి కట్టించారు. కొబ్బరికాయ కొట్టాం, పులిహోర పంచాం. తొట్టికి గ్రానైటు పలక, దాని మీద ఆయన నాన్నగారి ఫోటో, పేరు, పోయిన తేదీ.

ఒక్క గొర్రె రాలేదు. తొట్టి పొర్లిపోతోంది, అవ్వ మాత్రం లైబ్రరీ కుళాయి దగ్గరే డ్రమ్ములు నింపుతోంది. ఎందుకని అడిగితే మొహం తిప్పుకుని "పంపు మంచిదే" అంది, తర్వాత గాలి గురించి మాట్లాడింది. అప్పుడు నా చదువు గుర్తొచ్చింది. వాళ్ళు చనిపోయినవారి పేరు పలకరు, వాళ్ళ వస్తువుల దగ్గరికి పోరు. కారణం కూడా నోటితో చెప్పరు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన గొంతు తగ్గించారు, గోడలు వింటాయన్నట్టు. "వాళ్ళ నాన్నగారి ఫోటో పీకేయమని ఆయనకి చెప్తావా? ఇంకా రెండేళ్ళుంది మనకి. నోరు తెరవకు." తెరవలేదు. ఆ వారంలోనే నీళ్ళు చాలక అవ్వ గొర్రెలు రెండు చచ్చిపోయాయి.

ఆదివారం పెద్ద డాక్టరుగారింట్లో భోజనాల దగ్గర, మా ఆయన కాలితో తంతున్నా చెప్పేశాను. పెద్ద డాక్టరుగారు ముద్ద ఆపేశారు.

"మా నాన్న వాళ్ళకి దెయ్యమా అమ్మా?"

"కాదంకుల్. మనం పేరు పలికి తలుచుకుంటాం, వాళ్ళు పలక్కుండా."

"అయితే నీళ్ళొద్దా?"

"నీళ్ళు కావాలి అంకుల్. పేరే వద్దు."

ఆయన భార్య, ఆంటీ, అందరికీ పెరుగు వడ్డించారు. అంత పుల్లటి పెరుగు మళ్ళీ తినలేదు.

ఆ వారంలో పలక తీసేశారు. అవ్వవాళ్ళ పెద్దాయనొకరు వచ్చి తొట్టి దగ్గర ప్రార్థన చేశాడు. మర్నాటి నుంచి మందలొచ్చాయి. తొట్టి కడగడానికి ఆ కుటుంబాలు తమలో తామే వంతులేసుకున్నాయి, అవ్వ మేనకోడలు పంపు బాగుచేయడం నేర్చుకుంది. మేమున్నన్నాళ్ళూ ఆ పంపు ఒక్కపూట కూడా మూలపడలేదు. తొట్టి మీద ఎవరి పేరూ లేదు.

పెద్ద డాక్టరుగారు మా ఆయనతో ఆపైన క్లినిక్ మాటలే మాట్లాడారు. గ్రీన్ కార్డ్ సంగతెత్తితే "చూద్దాం" అనేవారు. ఆ "చూద్దాం" కిందే మిగతా రెండేళ్ళూ ఊపిరి బిగబట్టి బతికాం. గడువు తీరాక జార్జియా వచ్చి మళ్ళీ మొదటినుంచి లైన్లో నిలబడ్డాం. "నీ లైబ్రరీ చదువు మనకి ఎంతలో పడిందో" అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు, కాదనను.

అవ్వ ఇప్పుడు ఉందో లేదో తెలియదు. అందుకే ఆవిడ పేరు ఇక్కడ రాయలేదు. ఇన్నేళ్ళు గడిచాక, మనిషి ఈ గట్టున ఉందో ఆ గట్టుకి వెళ్ళిపోయిందో తెలియనప్పుడు, ఆ పేరు నాలుక మీదే ఆపుకోవడం మర్యాద.