భవానీ పేటలో ఉమ్మడి టెంపో

1988లో షోలాపూర్ భవానీ పేటలో స్థిరపడ్డ తెలుగు పవర్‌లూమ్ యజమానులు కొందరు కలిసి నన్ను పిలిపించారు. నేను ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్‌ని. సరుకు ఎటు నుంచి ఎటు, ఏ బండిలో, ఎంత తక్కువ డీజిల్‌తో వెళ్లాలో లెక్కగట్టడం నా పని. అక్కడి సందులు ఎంత ఇరుకంటే, రెండు టెంపోలు ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి తగ్గేలోపు డ్రైవర్లిద్దరికీ వియ్యమందుకునేంత పరిచయం అయ్యేది. ప్రతి యజమానికీ సొంత టెంపో. నూలుని తెల్లబరిచి, రంగులద్దే రంగుల కార్ఖానా నుంచి సగం నూలు, సగం గాలి మోసుకొచ్చేది. వాటి పొగకి, ఆరేసిన తెల్ల ధోవతులు మధ్యాహ్నానికి వాళ్లు నేసే చద్దర్ దుప్పట్ల రంగుకొచ్చేవి.

టెంపో లేనిది నర్సయ్య ఒక్కడికే. అతనివి నాలుగే మగ్గాలు, తెల్ల తువ్వాళ్లు తప్ప మరేదీ నేయడు. ఎవరి బండిలోనో చోటు దొరికితేనే అతని నూలు వచ్చేది. రానిరోజు మగ్గాలు ఆగేవి. ఇంకోసారి ఆగితే వేరే కార్ఖానాకి పోతామని పనివాళ్లు తేల్చి చెప్పేశారు.

నేను 'మిల్క్ రన్' గీశాను. పాలవాడిలా ఒకే బండి ఇల్లిల్లూ తిరిగి అందరి సరుకూ దించడమన్నమాట. పెద్ద యజమాని రాజేశం సేట్ వసారాలో మ్యాపు పరిస్తే వసారా చాలక ఒక కొన వీధిలోకి దిగింది. మేకొకటి దాని మీదుగా నడుస్తూ అశోక్ చౌక్‌కి నాకంటే దగ్గరి దారి చూపించింది.

మొదటి రోజు ఉమ్మడి టెంపో రంగుల కార్ఖానా నుంచి బయల్దేరింది. అందులో నూలు కంటే మీసాలు ఎక్కువగా ఉన్నాయి. ప్రతి యజమానీ తన బస్తాల మీద తన మనిషిని కూర్చోబెట్టాడు. నర్సయ్య బస్తాలకి చోటే మిగల్లేదు. మగ్గాలు మళ్లీ ఆగాయి.

"ఇంతమంది ఎందుకు సేట్?" అన్నాను.

"ఇంకేంది సారు? నా నూలు రంగు పక్కోడు చూస్తె దివాలీకి నా చద్దరు ఆని కార్ఖానాల పుడ్తది."

"బస్తా కట్టే ఉంది కదా?"

"ఏలు పెట్టి ఒక్క పోగు గుంజితె చాలు. మా పేటోళ్లకు గది చెయ్యి తిరిగిన పని. నాకెట్ల తెలుసని అడగకుండ్రి!"

నర్సయ్య ఖాళీ చేతులతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీ రంగులు ఇతను చూస్తే?" అన్నాను.

రాజేశం సేట్ నవ్వుకి గోడ మీది సున్నం రాలింది. "నర్సిగాడా! ఆకాశంల ఏడు రంగుల సింగిడి తెచ్చి చేతుల పెట్టినా ఈడు తెల్లగనే నేస్తడు!"

"నవ్వుకో తియ్ బావా," అన్నాడు నర్సయ్య. "నన్నొక్కన్నే కావలి కూసోపెట్టుండ్రి. అందరియి భద్రంగ దించుత. నా నూలు మాత్రం ముంగట ఎక్కాలె, బస్."

యజమానులు ఒప్పుకున్నారు. మీసాలు దిగాయి, నూలు ఎక్కింది. నర్సయ్య మగ్గాలు ఆగలేదు, పనివాళ్లు ఎక్కడికీ పోలేదు. మిగతా టెంపోలు ఇళ్ల ముందు నిలబడి కోళ్లకి నీడనిచ్చాయి. నా రిపోర్టులో డీజిల్ ఆదా గురించి రాసిన పేరా చదివితే హిందూ మహాసముద్రమే మిగిలిందనుకుంటారు.

మరుసటి ఏడు వెళ్లినప్పుడు నర్సయ్య చాయ్ పోస్తూ చెప్పాడు. జోడ్‌భావి పేట వ్యాపారి ఒకాయన రంగు చద్దర్లు నేసిపెట్టమని వచ్చాడట.

"ఒప్పుకున్నావా?"

"ఎట్ల ఒప్పుకుంట సారు? నేను రంగు ముట్టిన్నాడే టెంపోల నుంచి దించుతరు. దించితె మల్ల మగ్గాలాగుతయి. వాపస్ పంపిన."

చాయ్ బాగుంది. తాగుతూ నా పాత మ్యాపు గుర్తు చేసుకున్నాను. మ్యాపులో దూరం, బరువు, డీజిల్ అన్నీ వేశాను. నర్సయ్య తెల్లవే నేస్తూ ఉండిపోవడం మీదే అదంతా నడుస్తోందన్నది మాత్రం ఎక్కడా లేదు. అప్పటినుంచి ఏ ప్లాన్ గీసినా, అది నిలబడాలంటే ఎవరు ఎదగకుండా ఉండిపోవాలో ముందు అడుగుతున్నాను.