జనక్‌పురి పెళ్లిలో సన్నాయి

ఎనభైల మొదట్లో నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని. పగలు ఇంగ్లీషు ఫైళ్లు, సాయంత్రాలు తెలుగు కవిత్వం. నెలకో ఆదివారం జనక్‌పురిలో ఒక పెద్ద ఆఫీసరుగారి ఇంట్లో తెలుగువాళ్లం కొందరం చేరి, రాసినవి చదువుకునేవాళ్లం. ఆయన వయసులోనూ హోదాలోనూ నాకంటే ఎంతో పెద్ద. అయినా "కవిగారూ, రండి, ఇలా నా పక్కన కూర్చోండి" అనేవారు. ఆ పిలుపు కోసమే బస్సులు మారి అంత దూరం వెళ్లేవాణ్ణేమో.

మా నాన్న గోదావరి పక్క పల్లెల్లో పెళ్లిళ్లకు సన్నాయి వాయించేవాడు. ఉద్యోగం వచ్చేదాకా నేనూ ఆయన పక్కన కూర్చుని వాయించాను. ఆ సంగతి జనక్‌పురిలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒక మాఘమాసంలో ఆఫీసరుగారి అమ్మాయి పెళ్లి. ఇంటి ఎదుట పార్కులో షామియానా వేశారు. మేళాన్ని రాజమండ్రి నుంచి రప్పించారు. ఢిల్లీ చలికి సన్నాయి ఆయన పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. సన్నాయి నోట పెట్టుకోలేకపోయాడు. ముహూర్తం దగ్గర పడింది. "భయ్యా, కోయీ బ్యాండ్‌వాలా మిలేగా?" అని, బ్యాండువాడెవరైనా దొరుకుతాడేమోనని ఆఫీసరుగారు టెంటు అతన్ని కంగారుగా అడుగుతున్నారు.

అప్పుడే డోలు వాయించే ముసలాయన నన్ను పట్టిపట్టి చూశాడు.

"తమరు మా సన్నాయి మేస్త్రిగారి అబ్బాయి కదండీ? మీ నాన్న పక్కన ఎన్నేళ్లు డోలు కొట్టానో! అయ్యగారూ, ఇంక బెంగ లేదండి. ఈ బాబు వాయిస్తాడు."

చుట్టూ ఉన్న మా కవులందరూ నా వైపు తిరిగారు. అంత చలిలోనూ చెవులు కాలిపోయాయి.

"నీకు వచ్చా?" అన్నారు ఆఫీసరుగారు.

అంతదాకా ఆయన నోట నన్నుద్దేశించి 'నీకు' అన్న మాట వినలేదు. కోటు విప్పి మేళం చాప మీద కూర్చున్నాను. మొదట గాలి నిలవక స్వరం చీలింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత వేళ్లు వాటంతటవే దారి పట్టాయి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగించాం. వాయిస్తున్నంతసేపూ నాకు ఏ సిగ్గూ లేదు. అదీ నిజమే.

అక్షింతలు వేశాక ఆఫీసరుగారు వచ్చి నా భుజం తట్టారు. "అదరగొట్టేశావోయ్! మా పరువు నిలబెట్టావు. వెళ్లు, ఆ వెనక మేళం వాళ్లకి వడ్డిస్తున్నారు, నువ్వూ తినెయ్." ఆ మాటలో వెక్కిరింత లేదు. నిజంగా సంతోషంతోనే అన్నారు. అందుకే నాకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

వెనక్కి వెళ్లి కూర్చున్నాను. నెల నెలా నా కవితలకు ఆహా అనే మిత్రుడొకాయన చేయి కడుక్కోవడానికి అటు వచ్చి, నన్ను చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు. డోలు ముసలాయన తన ఆకులోని లడ్డూ తీసి నా ఆకులో వేశాడు.

"అచ్చం మీ నాన్న ఊదినట్టే ఉందండీ బాబూ."

నాన్న పోయాక ఆయన్ని అంత ప్రేమగా తలచుకున్న మనిషి నాకింకొకరు కనబడలేదు. నేనేమో తలెత్తి, ఆ మాట ఎవరైనా విన్నారా అని చుట్టూ చూశాను. నా చూపు ఆయన గమనించాడు. తన ఆకు వైపు తిరిగి అన్నం కలుపుకున్నాడు.

మరుసటి నెల మళ్లీ ఆ ఇంటికే వెళ్లాను. "రావోయ్" అన్నారు ఆఫీసరుగారు. ఆయన పక్క కుర్చీలో అప్పటికే ఎవరో ఉన్నారు. గుమ్మం దగ్గర కూర్చుని, నా వంతు వచ్చినప్పుడు కవిత చదివి వచ్చాను.

"ఇంకా ఎందుకండీ ఆ ఇంటికి?" అంది నా భార్య.

"తెలుగు వినపడే చోటు ఇంకెక్కడుంది ఇక్కడ?" అన్నాను. అది సగం జవాబేనని ఇద్దరికీ తెలుసు. పోయిన పిలుపు మళ్లీ వస్తుందేమోనని వెళ్లేవాణ్ణి. ఆయన రిటైరై హైదరాబాదు వెళ్లిపోయేదాకా అది రాలేదు.

ఇప్పుడు మీ నాన్నగారేం చేసేవారని ఎవరైనా అడిగితే, సన్నాయి వాయించేవారని చెబుతాను. చెప్పి, ఎదుటివారి ముఖం వైపు చూస్తాను. ఆ చూడటం మాత్రం మానలేకపోతున్నాను.