నురగమ్మ హాజరు

"నురగ ఎండుతోంది! కారు తలుపు మీద ఎండిపోతోందయ్యా! ఆ ఫోను జేబులో పెట్టి గన్ను పట్టుకో!"

"వస్తున్నా వదినా, ఒక్క నిమిషం!"

"నీ నిమిషం సంగతి నాకు తెలీదూ? ఏడింటికి మొదలైన నిమిషం ఏడూ నలభైకి అయింది. నల్లబండి ఇది. మచ్చ పడితే నీ మొహంతో తుడిచినా పోదు."

"నా మొహానికేం వదినా, బంగారం!"

"బంగారమే. ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోని బంగారం. ముందు నీళ్లు కొట్టు!"

కొత్తగా వినేవాళ్లకు ఇది కొట్లాటే. గోడ అవతల టీ అమ్మేవాడు మాత్రం తల కూడా తిప్పడు. ఏడూ నలభై అయిందన్నమాట అనుకుని పాలు మళ్లీ పొయ్యి మీద పెడతాడు. కార్లు కడిగే ఆ షెడ్డులో పొద్దున ఏడింటి షిఫ్టుకు ఇద్దరే మనుషులు. కారు మీద నురగ కొట్టేది వదిన. ఐదు నిమిషాలాగి ఆ నురగను నీళ్ల గన్నుతో దించేసేది మరిది. తుడిచేవాళ్లు, లోపల దులిపేవాళ్లు తొమ్మిదింటికి గానీ రారు. రాత్రంతా తిరిగిన అద్దె కార్లు తెల్లారేసరికి వరసకట్టి నిలబడతాయి. వాటికి ఈ ఇద్దరే దిక్కు. ఆ ఇద్దరిలో ఒకరు ఆరూ యాభైకే గేటు దగ్గర ఉంటారు. రెండో మనిషి ఎప్పుడొస్తాడో టీ బండివాడికి తెలుసు.

ఆమెను అందరూ నురగమ్మ అంటారు. అసలు పేరు రిజిస్టరులో ఉంది గానీ దాంతో పిలిచేవాళ్లు లేరు. పంతొమ్మిదేళ్లుగా అదే షెడ్డు. మొదట్లో బకెట్టు, గుడ్డ, మోకాళ్ల నొప్పి, ఇవే సరంజామా. తర్వాత నురగ గన్ను వచ్చింది. మొదటిరోజు కారంతా తెల్లగా కప్పేస్తే చూడొచ్చిన డ్రైవర్లు, "ఏమ్మా, బండికి గడ్డం గీస్తున్నావా?" అని నవ్వారు. "కదలకుండా నిలబడితే తర్వాత మీకే" అంది.

తొందరపడే కారు ఓనర్లకు ఆమె చెప్పే మాట ఒకటే. "దుమ్మనుకుంటున్నారు సార్, అది ఇసుక. గుడ్డ పెట్టి రుద్దారా, గరుకు కాగితం పెట్టి గీకినట్టే. ఎండలో చూడండి, సాలెగూడు అల్లినట్టు గీతలు కనిపిస్తాయి. నురగని నాననివ్వండి. అదే పట్టు వదిలించి కిందికి దించుతుంది. చెయ్యి పడకముందే సగం మురికి పోవాలి." ఆ ఐదు నిమిషాలు ఆమె ఎవరినీ కారు దగ్గరికి రానివ్వదు. నురగను కింద చక్రాల దగ్గర మొదలుపెట్టి పైకి కొడుతుంది. మురికి ఎక్కువుండేది కిందే, అక్కడ ఎక్కువసేపు నానాలి. నానాలి గానీ ఎండకూడదు. ఎండితే మరకవుతుంది. నానడానికీ ఎండడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోనే ఆమె ఉద్యోగమంతా ఉంది. ఆ సందులోనే మరిది ఫోను మాట్లాడతాడు.

నురగ మందు చిక్కగా డబ్బాలో వస్తుంది. దాన్ని డ్రమ్ములో నీళ్లతో కలపాలి. డబ్బాతోపాటు గీతలున్న కొలత కప్పు కూడా వస్తుంది. నురగమ్మ ఆ కప్పులో బట్టల పిన్నులు పెట్టుకుంది. కప్పుకేం తెలుసు? కుళాయి నీళ్లొచ్చిన రోజు ఒక రకం, ట్యాంకరు నీళ్లొచ్చిన రోజు ఇంకో రకం. ట్యాంకరు నీళ్లలో నురగ పుట్టడమే బద్ధకంగా పుడుతుంది. అందుకని ఆమె డ్రమ్ములో చెయ్యి ముంచి, బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి రుద్ది చూస్తుంది. ఎంత జారుతోందో అదే లెక్క. చాలకపోతే ఇంకో చెంచా, ఎక్కువైతే ఇంకో చెంబు. రోజుకు ఎనిమిది డ్రమ్ములు, గన్ను వచ్చిన నాటినుంచీ. ఆమె కలిపిన నురగ తలుపు మీద మీగడలా పట్టుకుని, అడిగినంతసేపు ఉండి, అడిగినప్పుడు జారిపోతుంది. వేరేవాళ్లు కలిపింది ఉంటే రాయిలా ఉంటుంది, లేదంటే చెప్పాపెట్టకుండా నేలమీద ఉంటుంది.

రెండు నెలల కిందట షెడ్డు గోడకు హాజరు మిషన్ బిగించారు. వేలు పెడితే మనిషిని గుర్తుపట్టి, ఆడగొంతుతో "ధన్యవాదాలు" అంటుంది. ఏడూ పదిలోపు పెడితే పూర్తి రోజు. ఆ తర్వాతైతే ఆలస్యం. అసలు పెట్టకపోతే ఆ మనిషి ఆ రోజు పుట్టనట్టే.

పేర్లు ఎక్కించిన రోజున కంపెనీ కుర్రాడు ఆమె వేలిని నాలుగైదుసార్లు అద్దం మీద నొక్కి, ఎలాగో ఎక్కించాడు. వారం గడిచింది. తర్వాత మొదలైంది.

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

"ప్రయత్నించాను తల్లీ."

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

"నిన్నొచ్చింది నేనే, మొన్నొచ్చింది నేనే. నీకు మేకు కొట్టినప్పుడు నిచ్చెన పట్టుకుంది కూడా నేనే!"

"దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

"అత్తగారు నయం. మూడోసారికి విసుక్కునేది!"

వేలిని చీరకొంగుకు తుడుచుకుంది. నోటితో ఆవిరి ఊదింది. నెత్తిన రాసి చూసింది. ఒక్కోరోజు పదిసార్లకు కనికరించేది, ఒక్కోరోజు అసలు కాదు. ఈలోగా మూడు కార్లు వచ్చి హారన్లు కొట్టేవి. పోనీలే, మేనేజరు వచ్చాక చెప్దామని పనిలో పడేది. మేనేజరు పదింటికి వచ్చి, "చూద్దాం లేమ్మా" అనేవాడు. మరిది ఏడూ నలభైకి తాపీగా వచ్చి, చెవిన ఫోనుతోనే బొటనవేలు ఆనించేవాడు. మొదటిసారికే "ధన్యవాదాలు". ఆలస్యమో గీలస్యమో, వాడున్నాడు. ముందొచ్చిన ఆమె లేదు.

నెలాఖరుకు కాగితం వచ్చింది. తొమ్మిది రోజులు గైర్హాజరు. వచ్చే నెలా ఇలాగే ఉంటే పర్మినెంటు జాబితాలోంచి పేరు తీసేసి, అవసరమైనప్పుడు పిలిచే కూలీల్లో వేస్తామని రాసుంది. ఆ కాగితాన్ని ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒకరోజు నూటరెండు జ్వరంతో వచ్చింది. ఒకరోజు భర్త వ్యాను చెడిపోయి ఇంట్లో రభస జరుగుతుంటే వదిలేసి వచ్చింది. రాని రోజు రాలేదంటే ఒప్పుకునేది. వచ్చిన రోజును లేదంటే మనిషి ఎవరితో పోట్లాడాలి?

ఆ వారమే నురగ మందు అమ్మే కంపెనీ మనిషి వచ్చాడు. ఆమె మామూలుగా డ్రమ్ములో చెయ్యి పెట్టి వేళ్లు రుద్దుతుంటే చూసి, "అమ్మా, ఏం చేస్తున్నారు?" అని కంగారుపడ్డాడు.

"జారుడు చూస్తున్నా."

"ఆ జారేది మందొక్కటే కాదమ్మా. ఇది ఘాటు సరుకు, చర్మంలో ఉన్న కొవ్వును పట్టుకుని సబ్బు చేసేస్తుంది. మీకు తెలిసే జారుడులో సగం మీ చర్మానిదే."

నురగమ్మ వేళ్లను వెలుతురులో పెట్టి చూసుకుంది. బొటనవేలు, దాని పక్క రెండు. నున్నగా, అరిగిపోయిన మెట్టులా ఉన్నాయి. ఒక్క గీతా లేదు.

"అయితే ఇన్నేళ్లూ ఈ బళ్లన్నీ నా తోలుతోనే కడిగానా?" అంది. కంపెనీ మనిషి నవ్వాలో వద్దో తెలియక డబ్బా మూత బిగించాడు. "గ్లౌజులు వేసుకోండమ్మా. నెలా రెండు నెలలు ముట్టుకోకపోతే గీతలు మళ్లీ వస్తాయి."

వేసుకుంది. షెడ్డులో ఉన్నవి మగవాళ్ల గ్లౌజులు, మోచేతి దాకా ఊగుతూ లోపలికి నీళ్లు తాగేవి. అది ట్యాంకరు నీళ్ల రోజు. గ్లౌజు వేళ్లతో రుద్దితే ఏమీ తెలియలేదు, రబ్బరును రబ్బరు రాసుకుంది, అంతే. అందాజుగా కలిపింది. నురగ పల్చగా వచ్చింది, తలుపుల మీద నిలవలేదు. మురికి అలాగే ఉండిపోయింది. తొమ్మిదింటికి వచ్చిన తుడిచేవాళ్లు అది చూడకుండా ఎప్పట్లాగే గుడ్డ వేశారు. తెల్ల కారు. పది గంటల ఎండలో దాని ఓనరు బానెట్ మీదికి వంగి, గీతల్ని వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు. నురగమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది. ఎంత చక్కటి గీతలున్న వేలో.

గన్ను పట్టాక ఆమె నురగ కొట్టిన బండి మీద పడ్డ మొదటి గీతలవి. ఆ మధ్యాహ్నం గ్లౌజులు విప్పి మేకుకు తగిలించింది. చేతులు మళ్లీ డ్రమ్ములో పెట్టింది.

ఇల్లు రెండు గదులు. ముందుగదిలో మరిది, వెనకగదిలో మిగతా సంసారం. సాయంత్రం కూతురు తల్లి వేళ్లకు నూనె రాసి, పాలిథిన్ కవర్లు తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేసింది. తల్లి చేతులు రెండూ పైకెత్తుకుని మంచం మీద కూర్చుంది.

"ఎవరో తుపాకి చూపించినట్టున్నావమ్మా."

"చూపిస్తే బాగుణ్ణు. ఈ పూట వంట తప్పేది."

భర్త తెల్లవారుజామున నాలుగింటికే సరుకుల వ్యాను తీసుకుని పోతాడు కాబట్టి అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటునుంచే అన్నాడు, "మానెయ్యరాదూ?"

"మానేసి?"

అతను దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. ముందుగదిలో మరిది ఎవరితోనో గట్టిగా, "ఈ నెలతో ఆపేస్తున్నా మామా, నా వల్ల కాదు" అంటున్నాడు. రెండేళ్లుగా ప్రతి నెలా అదే ఆఖరి నెల. రెండో ఏడు మధ్యలో కాలేజీ వదిలేశాడు. ఆ తర్వాత ఆరు ఉద్యోగాలు మారాడు, ఏదీ వర్షాకాలం దాటలేదు. ఎక్కడో ఒకచోట కాళ్లు నిలబెడతాడని ఈమే మేనేజరును బతిమాలి ఇందులో పెట్టించింది. కాళ్లు నిలబడ్డాయి, కాకపోతే ఏడూ నలభైకి.

నాలుగురోజులయ్యాక మేనేజరు ఆమెను పిలిచాడు. చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే.

"పైవాళ్లతో మాట్లాడానమ్మా. మిషన్ పట్టని వాళ్లకి పుస్తకం పెట్టొచ్చన్నారు. మీరు సంతకం చేస్తే, పక్కన సాక్షి సంతకం చెయ్యాలి."

"దానికేం బాబూ! టీ బండాయన రోజూ చూస్తూనే ఉంటాడు."

"బయటివాళ్లు కుదరదు. ఆ షిఫ్టులో మనిషే అయ్యుండాలి. ఆ మనిషి వేలు మిషన్లో ఏడూ పదిలోపు పడాలి. పుస్తకంలో టైమూ మిషన్ టైమూ సరిచూస్తారట. సాక్షి ఆలస్యమైతే మీరూ రానట్టే."

"ఆ షిఫ్టులో ఉన్నది..."

"మీ మరిదేగా. ఇంట్లో మనిషి, ఇంకేం ఇబ్బంది?" అని మేనేజరు నిజంగానే సంతోషంగా నవ్వాడు.

ఆమె బయటికొచ్చి, ఖాళీ డ్రమ్ము బోర్లించి దానిమీద కూర్చుంది. జ్వరాన్ని నమ్ముకోవచ్చు, ట్యాంకరును నమ్ముకోవచ్చు. ఇన్నాళ్లూ తను టంచనుగా వచ్చిందంతా పోయిపోయి మరిది దుప్పటి కింద చిక్కుకుంది. పొద్దున వాణ్ణి లేపడం ఆమె ఏడాది కిందటే మానేసింది. నీళ్లు చల్లింది, ఫ్యాను ఆపింది, తలగడ లాగింది. తలగడ లేకుండా కూడా నిద్రపోగలనని వాడు నిరూపించాడు. తిట్టింది, ఎత్తిపొడిచింది, పోట్లాడింది. అడగడం ఒక్కటే ఎప్పుడూ చెయ్యలేదు. ఇంటికి పెద్దకోడలు, ఉద్యోగం పెట్టించిన మనిషి. అడగాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం షెడ్డు కడుగుతున్నారు. మరిది గన్నుతో నేలమీది నురగను కాలువలోకి తోస్తున్నాడు. ఆమె చీపురుతో వెనకే నడుస్తోంది.

"ఏంటి వదినా, ఇవాళ ఒక్క తిట్టూ లేదు? ఒంట్లో బాలేదా?"

ఆమె మేనేజరు చెప్పిందంతా చెప్పింది. వాడు గన్ను ఆపేశాడు.

"నేనా? సాక్షిని నేనా?" అని పకపకా నవ్వాడు. "నా మాట మీద నీ ఉద్యోగమా? వదినా, కాలేజీలో నా హాజరుకే ఇంకొకడు పలికేవాడు!"

ఆమె నవ్వలేదు. వాడి నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు. కాలువలో నురగ చిటపటమని చిన్నగా చప్పుడు చేస్తూ కూలుతోంది.

"నిజం చెప్తున్నా వదినా," అన్నాడు చివరికి, గన్ను ముక్కు వంక చూస్తూ. "నేను ఈ నెలతో మానేద్దామనుకుంటున్నా. ఈసారి ఉత్తమాట కాదు."

"మానెయ్యి. వద్దనను. నాకూ మానెయ్యాలనే ఉంటుంది, ప్రతి డ్రమ్ముకీ." చీపురు గోడకు ఆనించి, ఉబ్బిన వేళ్లను కొంగుతో ఒక్కొక్కటే తుడుచుకుంది. వాడి వైపు చూడలేదు. పదమూడేళ్ల నుంచి ఒకే ఇంట్లో ఉంటున్న మనిషితో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మానేసేదాకా మాత్రం ఏడింటికల్లా రావయ్యా. వచ్చి, నేను వచ్చానని చెప్పు."