ముందు చక్రాలు పనిలో చేరిన వారం

మా పాత జీపు ట్రక్కు నాలుగు చక్రాలతోనూ లాగుతుందని ఏడేళ్లపాటు పోర్ట్ బ్లెయిర్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అది నిజం కాదని ఒక బుధవారం పొద్దున్న, సముద్రం ఒడ్డున, పదిమంది ముందు తెలిసింది.

ఒక ప్రభుత్వ శాఖ పాత బళ్లను వేలం వేసినప్పుడు కొన్న బండి అది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సామాను వేసుకునే తొట్టి. దీవుల్లో ఇలాంటి బండిని ఉంచుకోవడమంటే ఉప్పుగాలితో ఉమ్మడి కాపురం. ఏటా అడుగున ఎక్కడో ఒకచోట తుప్పు తినేస్తుంది, వెల్డింగ్ పడుతుంది. బ్రేకు సిలిండర్లు కారతాయి. రేడియేటర్ అతుకు వదులుతుంది. చిన్న సామాను కావాలన్నా చెన్నై నుంచి ఓడలో రావాలి. దాని ధర కన్నా తెప్పించే ఖర్చు ఎక్కువ. సముద్రం బాగా లేకపోతే ఓడ రాదు, అంతవరకూ బండి ఇటుకల మీద నిలబడి ఉంటుంది. మా ఆవిడ దాన్ని "మీ పేషెంటు" అంటుంది. నేను షెడ్డు నుంచి ఇంటికి రాగానే "ఇవాళ ఏం కోసి తీశారు?" అని అడుగుతుంది.

ఈ ఖర్చులన్నిటికీ నా దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే, ఫోర్ వీల్. ఒకసారి వానలో రంగత్ వెళ్తుంటే ఎర్రమట్టి ఎత్తు అడ్డొచ్చింది. గేరు పక్కన ఉన్న చిన్న లీవరు లాగాను, బండి ఎక్కింది. "చూశావా" అన్నాను ఆవిడతో. ఇద్దరు చెబితే గాని వార్త రాయని ఉద్యోగం ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఒక్క లీవరు మాట నమ్మేశాను.

ఆ బుధవారం నన్ను పిలిచింది నాకు బాగా తెలిసిన భార్యాభర్తలు. వాళ్ల తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. చేపల వేటే బతుకు, ఉన్నది ఒక్కటే పడవ. గాలుల కాలం మొదలయ్యే ముందు దాన్ని ఇసుక దిబ్బ దాటించి కొబ్బరి చెట్ల దాకా చేర్చాలి. ఒకప్పుడు ఇరవైమంది భుజం వేసేవాళ్లు. ఇప్పుడు పిల్లలంతా ఆఫీసుల్లో, హోటళ్లలో, ఓడల మీద. ఆ పొద్దున్న వచ్చింది ఆరుగురు. పడవ సగం దూరం వచ్చి ఆగిపోయింది. క్రేన్ వాడు వచ్చి ఇసుకను చూసి వెళ్లిపోయాడు. వచ్చే బుధవారం అమావాస్య. ఆ పోటు నీళ్లు పడవ ఉన్న చోటికి వస్తాయి. దానికి గాలి కూడా తోడైతే మిగిలేవి చెక్కలే.

తాడు కట్టాం. లీవరు లాగాను, గట్టిగా తొక్కాను. వెనక చక్రాలు తిరిగి తిరిగి ఇరుసు దాకా ఇసుకలో దిగాయి. ముందు చక్రాలు కదల్లేదు. పడవ గలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏటి బాబూ, ముందర సక్రాలు గవర్నమెంటు ఉద్యోగమేటి? ఎనకవి సత్తంటే అవి సూత్తన్నాయి!"

తోస్తున్నవాళ్లు తోయడం మానేసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది గాని, వెంటనే పడవ వైపు తిరిగి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంది.

నాతో వచ్చిన మా షెడ్డు మెకానిక్ బండి కిందికి దూరి, కాసేపటికి బయటికి వచ్చాడు.

"భయ్యా, దుకాన్ ఉంది, మాల్ నహీ."

"అంటే?"

"ఇంజన్ బలం ముందు చక్రాలకి తీసుకెళ్లే షాఫ్టే లేదు. మీరు లీవర్ లాగితే ఆ బలం ఎక్కడికి పోవాలి?"

"మరి రంగత్‌లో ఎత్తు ఎక్కింది కదా?"

"మీ భరోసాతో ఎక్కింది భయ్యా," అని నవ్వాడు. షాఫ్టు ఉండాల్సిన చోట నూనె డబ్బా రేకును గుండ్రంగా కోసి, బోల్టులతో మూత వేసి ఉంది. "ఎవడో దిల్ పెట్టి చేశాడు" అన్నాడు మెచ్చుకోలుగా.

చెన్నైలో దుకాణానికి కొలతలు, ఫోటో పంపాను. ఆ పొడవు షాఫ్టు ఇప్పుడు దొరకదు, చేయించి ఓడెక్కించడానికి ఇరవై రోజులు పడుతుందన్నారు. మాకున్నది ఆరు రోజులు. కొత్తది రాదు కాబట్టి పాతదాన్నే పట్టుకోవాలి. పాత ఉద్యోగం గుర్తొచ్చింది. వేలం కాగితం తీసి, ఆ శాఖ ఆఫీసులో వాచ్‌మన్‌ను అడిగి, ఈ బండిని చివరిదాకా నడిపిన డ్రైవరు ఇల్లు కనుక్కున్నాను. రిటైరై విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లో ఉంటున్నాడు.

"నేనే తీశా," అన్నాడు, పతకం చూపించినట్టు. "సాహెబ్ ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి బజార్. దానికి నాలుగు చక్రాలు లాగాలా? షాఫ్ట్ ఉంటే చప్పుడు, స్టీరింగ్ భారీ, డీజిల్ తాగుద్ది. అప్పట్లో మేం డ్రైవర్లం అందరం తీసేసేవాళ్లం."

"తీసి ఎక్కడ పెట్టారు?"

అప్పుడే విమానం దిగుతోంది. ఆ మోత తగ్గేదాకా ఆయన చూపుడువేలు పైకెత్తి నన్ను ఆపాడు.

"స్టోర్‌లో ఉంటే పాత ఇనుం కింద కబాడీకి పోద్దని పడవలోళ్లకి ఇచ్చేశా. ఒకావిడ వలలు ఆరేసుకోవడానికి లోహా దండా కావాలంది. బదులుగా సుర్మాయి చేప ఇచ్చింది భయ్యా, ఇంత పొడుగు!"

ఏ పడవలోళ్లో చెప్పగానే లేచాను. బుధవారం నేను టీ తాగింది ఆ వలల పాక కిందే. రెండు గుంజల మధ్య అడ్డంగా నీలం రంగు కడ్డీ, దాని మీద వలలు. ఏటా గంగమ్మ పండగ ముందు పడవకు రంగు వేసి, మిగిలిన రంగును తలుపుకీ, పీటకీ, దీనికీ పూస్తారట. వల చిక్కుకోకుండా రెండు చివర్లకూ పాత చీర చుట్టి, ఆ గుడ్డ మీద కూడా పూశారు. అన్నేళ్ల ఉప్పుగాలి ఆ రంగును దాటి లోపలికి పోలేకపోయింది.

"ఇది నీ బండిదా?" అంది పడవ గలావిడ. "నాను సేపిచ్చి తెచ్చుకున్నాను బాబూ, ఊరికే తేనేదు."

"బదులు ఏం కావాలి?"

"వలలకో ఎదురుబొంగు తే. పడవ పైకొస్తే సాలు."

షెడ్డులో మెకానిక్ చీర ముక్కలు విప్పి, షాఫ్టు చివర్ల కీళ్లను కిరసనాయిల్లో నానబెట్టాడు. ఒక చివర కీలు తిరిగింది. రెండోది బిగుసుకుపోయింది. తన డబ్బాలన్నీ కుమ్మరించి, కీలు మధ్యలో తిరిగే ప్లస్ ఆకారం ముక్క, క్రాస్, సరిపోయేది వెతికి వేశాడు. ముందు ఇరుసులో నూనె బెల్లంపాకంలా ఉంది, మార్చాడు. ముందు భాగాన్ని జాకీ మీద లేపి, లీవరు లాగి, నన్ను కిందికి వంగి చూడమన్నాడు. నీలం షాఫ్టు తిరుగుతోంది. దానితో చక్రాలు కూడా.

మంగళవారం మధ్యాహ్నం పోటు మొదలైంది. మేము వెళ్లేసరికి నీళ్లు పడవ వెనక భాగాన్ని తాకి వెళ్తున్నాయి. పాత డ్రైవరు కూడా నా పక్కన కూర్చుని వచ్చాడు. టైర్లలో గాలి కొంత తీశాం, పడవ కింద కొబ్బరి దుంగలు వేశాం. లీవరు లాగాను. తాడు బిగిసింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత బండి ముక్కు కొంచెం లేచింది, ముందు చక్రాలు ఇసుకను కొరికాయి, షాఫ్టు సన్నగా పాడింది. "అదీ నా చప్పుడు!" అన్నాడు డ్రైవరు, తొడ మీద కొట్టుకుని.

పడవ కదిలింది. దుంగ మీద నుంచి దుంగ మీదకి ఎక్కుతూ, దిబ్బ అంచున ఊగి, కొబ్బరి చెట్ల వరసలోకి వచ్చి ఆగింది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి బానెట్ మీద అరచేత్తో కొట్టింది.

"డూటీలో జాయినైపోనాయిరా!"

మర్నాడు పొద్దున్న మళ్లీ వెళ్లాం, వెదురుబొంగు ఇవ్వడానికి. పోయిన బుధవారం పడవ ఆగిపోయిన చోట నడుం లోతు నీళ్లు, ఆ నీళ్లలో విరిగిన కొమ్మలు కొట్టుకుంటున్నాయి. పడవ పైన పొడిగా ఉంది. ఆమె భర్త దాని నీడలో నిద్రపోతున్నాడు. ఆమె బొంగు తీసుకుని, బరువు చూసి, డ్రైవరు వైపు తిరిగింది.

"నీ ఇనప కడ్డీ నీ బండికి ఎల్లిపోనాది. మరి నా సేప నాకిచ్చీ."

"అది అప్పుడే తినేశా దీదీ!"

"అయితే కూకో," అంది. "ఇయ్యేల ఇంకోటి తినేసి ఎల్దువు గానీ."