సూరన్నకు విడాకులు

తడిసిన గడ్డివాసన తగిలితే నాకు ముందుగా సూరన్న ఏడుపే గుర్తొస్తుంది.

మా అమ్మా నాన్నా విడిపోయిన రోజు కులపెద్దలు వాళ్ల చేత ఒక గడ్డిపరక తుంచించారు. అంతటితో నాన్న అమ్మకి ఏమీ కాకుండా పోయాడు. ఏడాది తిరక్కుండానే అమ్మ మండపేట దగ్గర మారుమనువు చేసుకుంది. ఆ ఇంట్లో నాకు కొత్త అయ్యతో పాటు ఆయన కొడుకు సూరన్న కూడా దొరికాడు.

ఒకరోజు వాడు నా విస్తట్లోని ఆవకాయ టెంక లాక్కుని చీకేశాడు. నేను తిన్నగా వానకి తడిసిన గడ్డిమేటు దగ్గరికి వెళ్లి, ఒక పరక లాగి తెచ్చి, వాడి ముక్కు ముందు పుటుక్కున తుంచాను.

"ఇంక నువ్వు నాకేమీ కావు. ఇంట్లోంచి ఫో!"

వాడు టెంక నా చేతిలో పెట్టేసి, బావురుమంటూ, గోచీ సర్దుకుని నిజంగానే వీధిలోకి నడిచాడు. వాడి తల్లి కూడా వాడి కళ్లముందే పరక తుంచి వెళ్లిపోయిందని అప్పటికి నాకు తెలియదు.

అయ్య అరుగు దిగి వాణ్ణి చంకనేసుకొచ్చాడు. నవ్వు మీసాల్లో దాచుకుని నన్నడిగాడు.

"నువ్వు తుంచేటప్పుడు పెద్దలెవరున్నారమ్మా?"

"ఎవరూ లేరయ్యా."

"అయితే చెల్లదు. ఇప్పుడు నేనున్నాను, మళ్లీ తుంచుతావా?"

నేను గడ్డిమేటు వంకా, సూరన్న కారే ముక్కు వంకా చూశాను.

"టెంక ఇచ్చేశాడు కదా, ఈసారికి వద్దులే," అన్నాను.

సూరన్నకిప్పుడు మనవలున్నారు. అయినా నేను గడ్డిమేటు పక్కన నిలబడితే చాలు, మాట్లాడుతూనే నా చేతులకేసి చూస్తుంటాడు.