విరిగిన జొన్నరొట్టె

నంద్యాల బజారులో పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, కోపం వస్తుంది.

డెబ్బైల్లో ఆళ్లగడ్డ పక్కన మా పల్లెకు వ్యవసాయ ఆఫీసరొకాయన కొత్తరకం జొన్న తెచ్చాడు. దిగుబడి బాగా వస్తుందంటే నాయన చేనంతా అదే వేశాడు. నేను రొట్టె తట్టడం నేర్చుకుంటున్న ఏడాది అది. ఆ కొత్త జొన్నపిండితో ఎంత తట్టినా రొట్టె చేతిలోనే విరిగిపోయేది. "అవి చేతులా, కట్టెలా?" అని అమ్మ మొట్టేది. తీరా అమ్మ తట్టినా విరిగింది. నేను ముట్టుకోబట్టే పిండి పాడయిందనుకుని ఏడ్చాను.

దిగుబడి ఎంతొచ్చిందో చూడ్డానికి ఆఫీసరు మళ్లీ వచ్చాడు. మేం రోజూ జొన్న తిన్నా, వచ్చినవాళ్లకు వరిబువ్వే వండేవాళ్లం. అందుకే ఏ ఇంట్లోనూ ఆయన తన జొన్న తినలేదు. ఆ రోజు అమ్మ ఆయనకు ఆ రొట్టె ముక్కలే పెట్టింది.

"ఏందమ్మా ఇది, గొంతు దిగడంలా?"

"నువ్విచ్చిన జొన్నే సామీ. మేం దినామూ తింటాండాం. ఒక్క పూట నువ్వూ తిను."

నాయన గుడ్లురిమాడు. అయినా ఆయన పళ్లెం ఖాళీ అయ్యేదాకా అమ్మ ఆడనే నిలబడింది.

అమ్మ అంతటితో చల్లబడింది, నేను చల్లబడలేదు. కొత్త విత్తనం గొప్పలు చెప్పేవాడు ఎవడు దొరికినా, "మీ ఇంట్లో దీంతో రొట్టె తట్టినారా?" అని నలుగురిలో అడుగుతా. లేదని వాడి నోటితోనే చెప్పించేదాకా వదలను. తప్పు నా చేతులది కాదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు మరి.